రెండు చోట్ల ఉన్న మాట

ఆ డిస్క్ మొదటిసారి టిక్కుమన్నప్పుడు గదిలో ఉన్నది నా మేనల్లుడు నకిబయ్, నేను, గోడ మీద ఒక బల్లి. శబ్దం బల్లిదే అనుకున్నాను. నకిబయ్ మాత్రం నోటిదాకా తీసుకెళ్ళిన చేప ముక్కను అక్కడే ఆపేశాడు. మళ్ళీ టిక్కుమంది. కాసేపు ఊరుకుంది. తర్వాత వరసగా మూడుసార్లు.

"బల్లిలేరా, తిను" అన్నాను.

"బల్లి గోడ మీద ఉందత్తా. ఇది పెట్టెలోంచి వస్తోంది."

వాడి మొహం చూశాక నేనూ కంచం పక్కకి నెట్టాను. ఆ పెట్టెలో ఉన్నది మా వంశం మరి.

నకిబయ్ గురించి చెప్పాలంటే కొబ్బరిచెట్టు దగ్గర మొదలుపెట్టాలి. మా కిరిబాస్ దీవుల్లో మగవాడంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి కల్లు గీసేవాడు, మిగతా పొద్దంతా పడవలో ఉండేవాడు. చెట్టు మీద ఉన్నంతసేపూ పాడాలి, కింద ఉన్నవాళ్ళకి పైన మనిషున్నాడని తెలియాలి. నకిబయ్ పదకొండో ఏట పాట మధ్యలో పడ్డాడు. పాట ఆగిపోవడం విని పరిగెత్తాం. కుడికాలు అతికింది గానీ పొట్టిగా అతికింది. ఆ తర్వాత వాణ్ణి చెట్టు దగ్గరికీ రానివ్వలేదు, సముద్రం మీదికీ పోనివ్వలేదు. మాతో కూర్చుని మొగలాకు చాపలు అల్లాడు. నాకంటే బాగా అల్లేవాడని ఊళ్ళో అంటారు. అది అబద్ధం. బాగానే అల్లేవాడు, అంతే.

మా పెద్దన్న తెవరేకా తన కొడుకు ఆడవాళ్ళ మధ్య ముసలివాడు కాకూడదని వాణ్ణి రాజధాని తరావాకి పంపి రెండేళ్ళు కంప్యూటర్ పని నేర్పించాడు. తిరిగొచ్చి మా దీవి కౌన్సిల్‌లో గుమాస్తా అయ్యాడు. దీవి మొత్తానికి ఒకటే కంప్యూటర్, దాని ముందు ఒకడే కుంటివాడు. మొదట అందరూ నవ్వారు. తర్వాత పుట్టిన కాగితం కావాలన్నా, ఓడ టికెట్ కావాలన్నా వాడి గుమ్మం ముందే చతికిలబడ్డారు.

నేను మిషన్ బడిలో మూడేళ్ళు చదివాను. అది చాలు, మిగతాది బుర్ర చూసుకుంటుంది. వాడు చెప్పినవన్నీ నాకు గుర్తే. మెమరీ అంటే పనిచేసేటప్పుడు ముందు పరుచుకునే చాప. కరెంటు పోతే చాప మీదవన్నీ పోతాయి. డిస్క్ అంటే పెట్టె. కరెంటు పోయినా పెట్టెలోవి ఎక్కడికీ పోవు. పోర్టు అంటే పగడపు దిబ్బలో పడవ దూరే సందు. ఆ సందుకి తగిన పడవే రావాలి, బలవంతాన తోస్తే రెండూ విరుగుతాయి. కేబుల్ ఆ పడవ. పెన్ డ్రైవ్ అనేది చిటికెన వేలంత పెట్టె, దానికి వేరే పడవ అక్కర్లేదు, తనే సందులోకి దూరుతుంది. కేబుల్ కొసని మగది అనీ, పోర్టుని ఆడది అనీ అంటారని వాడు చెప్పిన రోజున చాపలల్లే ఆడవాళ్ళంతా పని పక్కన పడేసి నవ్వారు.

"వీటన్నిటికీ పెళ్ళిళ్ళు చేస్తున్నావు, నీ పెళ్ళెప్పుడ్రా?" అంది మా తోటికోడలు.

"నా కొసకి సరిపోయే పోర్టు ఇంకా ఓడ దిగలేదత్తా" అన్నాడు. తరావా నీళ్ళు వాడి సిగ్గుని కడిగేశాయి.

ఇక వంశం సంగతి. మా దీవిలో ఏ నేల ఎవరిదో వంశావళి చెబుతుంది. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు ఎవరిని పెంచుకున్నారు, పెంచుకున్నప్పుడు ఏ చేమదుంప గుంట ఇచ్చినట్టు నోటితో చెప్పారు, ఆ మాట విన్నవాళ్ళెవరు, ఇవన్నీ వంశంలో ఒక్క మనిషి దగ్గర ఉంటాయి. ఆ మనిషి పోయేముందు ఇంకొక్క మనిషికి చెబుతాడు. చెప్పాక మళ్ళీ ఆ పేర్లెత్తడు. మాట చేతులు మారొచ్చు గానీ రెండు చోట్ల ఉండకూడదు. ఉంటే ఆ రెండిట్లో ఒకదాన్ని సముద్రం తీసుకుంటుంది.

నాకిది ఎవరో చెప్పిన కబురు కాదు. మా నాన్న ప్రేమకొద్దీ మా అన్నలిద్దరికీ చెప్పాడు. ఏడాది తిరక్కుండా చిన్నన్న కయేయా పడవ ఒక్కటే ఇంటికొచ్చింది. గాలం తాడు చుట్ట చుట్టి ఉంది. తెడ్డు లోపలే ఉంది. ఎర ఇంకా తడిగా ఉంది. సముద్రం ఆ రోజు గిన్నెలో నీళ్ళలా కదలకుండా ఉంది.

అందుకే పెద్దన్న తెవరేకా ముసలివాడయ్యాక ఎవరికీ చెప్పలేకపోయాడు. చెప్పిన రోజుకీ తను పోయే రోజుకీ మధ్య మాట ఇద్దరి దగ్గరా ఉంటుందని భయం. చివరికి పెట్టెకి చెబుతానన్నాడు, పెట్టెని సముద్రం ఏం చేస్తుందన్నాడు. కంప్యూటర్ ప్రభుత్వానిది కాబట్టి అందులో పెట్టకుండా, ఎండు కొబ్బరి అమ్మి వేరే డిస్క్ తెప్పించాం. నాలుగు రోజులు మా అన్న చెప్పాడు, నకిబయ్ టైపు చేశాడు. మరి వాడు విన్నట్టు కాదా అని పెద్దలు అడిగితే, "వేళ్ళకి చెవులుండవు" అన్నాడు మా అన్న. మాకది సరిపోయింది. సరిపోవాలని మాకూ ఉంది. తొమ్మిది తరాల పేర్లు నాలుగు రోజుల్లో వాడికి మాత్రం ఎక్కడ గుర్తుంటాయి? ఆ ఏడే మా అన్న పోయాడు.

అయిదేళ్ళకి ఆ డిస్క్ టిక్కుమంది. టిక్కుమనడానికి అదే సమయం దొరికింది దానికి. తరావాలో బూట్లేసుకు తిరిగే కబునారే అనేవాడు మా ఉత్తరపు కొస తన తాతలదని దావా వేశాడు. ఆ కొసలో మావి పదకొండిళ్ళు, నా ఇల్లూ అందులోదే. మూడు వారాల్లో న్యాయాధికారి ఓడలో వస్తాడు. ఆ నేల మా ముత్తవ్వకి పెంపకంతో వచ్చిందని, ఆ రోజు విన్న సాక్షులు ఫలానా నలుగురని మేము చూపించాలి. ఆ నాలుగు పేర్లు డిస్క్‌లో తప్ప ఎక్కడా లేవు. చూపించలేకపోతే పదకొండు ఇళ్ళవాళ్ళు ఎక్కడికి పోవాలి? మా దీవి వెడల్పు ఒక కేక వినపడేంత.

నకిబయ్ తరావాకి కబురంపి కొత్త డిస్క్ తెప్పించాడు. అది చేరేసరికి విచారణకి వారమే ఉంది. మనియాబాలో, అంటే మా సభామందిరంలో, వంశమంతా కూర్చున్నాం. మా వంశపు స్తంభానికి ఆనుకుని ఊరియం కూర్చున్నాడు. ఎనభై దాటినవాడు, మా వంశానికి పెద్ద.

"పాతది జబ్బుపడింది తాతా. అందులోది ఇందులోకి కాపీ చేస్తాను" అన్నాడు నకిబయ్.

"కాపీ అంటే?"

"అందులోనూ ఉంటుంది, ఇందులోనూ ఉంటుంది."

విసనకర్రలన్నీ ఆగిపోయాయి.

"ఈ కప్పు కింద ఒకసారి అన్నావు, సరే. ఇంకోసారి అనకు" అన్నాడు ఊరియం.

"కట్ అని ఒకటుందని నువ్వే చెప్పావు కదరా, కట్ చెయ్యి" అన్నాను నేను. తెలుసని చూపించుకోవడానికి అనలేదు. అడగాల్సినవాళ్ళు అడగకపోతే ఎవరో ఒకరు అనాలి కదా.

నకిబయ్ నా వైపు అదోలా చూశాడు. "కట్ అన్నా అది ముందు కాపీయే చేస్తుంది తాతా. అక్కడికి చేరాకే ఇక్కడిది తుడుస్తుంది. మధ్యలో కాసేపు రెండు చోట్లా ఉంటుంది."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

"ఆ రెండు నిమిషాలు ఎవరూ సముద్రం మీద ఉండకండి" అన్నాడు ఊరియం. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఊరంతా చర్చిలో పాటలు నేర్చుకుంటుంటే నేను నకిబయ్‌కి దుంపలు తీసుకెళ్ళాను. వాడు కంప్యూటర్ ముందు చెమటలు కారుతూ కూర్చున్నాడు. ఒక పక్క పాత డిస్క్ టిక్కుమంటోంది. ఇంకో పక్క పోర్టులో పెన్ డ్రైవ్ గుచ్చి ఉంది. దాని తలమీద ఎర్ర దీపం రెప్పలు కొడుతోంది. వాడు దాన్ని అరచేత్తో మూశాడు, అప్పటికే ఆలస్యమైంది.

"తలుపు గడియ పెట్టుకోవడం కూడా చాతకాదు నీకు" అన్నాను.

"అత్తా, కట్ చేస్తుండగా ఆ డిస్క్ ప్రాణం పోతే అక్కడా ఉండదు, ఇక్కడా ఉండదు. పదకొండిళ్ళు. నీ ఇల్లు కూడా."

"మీ చిన్నాన్న పడవని ఒడ్డుకి లాగింది నేను."

"విన్నాను. నేను పడవెక్కను కదా, నన్నెలా తీసుకుంటుంది?"

"రెండిట్లో ఒకటన్నారు. నిన్నే అని ఎవరన్నారు?"

దీపం రెప్పలు కొట్టడం మానేసింది. వాడు చిన్న పెట్టెని బయటికి తీసి లుంగీ కొసలో ముడేసుకున్నాడు.

"నా కళ్ళు మసకలు. దారి తప్పి వచ్చాను" అని దుంపలు అక్కడ పెట్టి వెళ్ళిపోయాను. వంశమంతటి ముందు కట్ చెయ్యమన్నదాన్ని, ఈ సంగతి ఎవరితో చెప్పను?

సోమవారం పొద్దున మనియాబాలో చాప మీద కంప్యూటర్ పెట్టారు. రెండు పోర్టులకి రెండు కేబుళ్ళు, రెండు డిస్కులు. మొదలుపెట్టబోయే ముందు ఊరియం ఆపాడు.

"స్తంభం పట్టుకుని చెప్పు. ఈ మాట ఇంకెక్కడైనా ఉందా?"

నకిబయ్ కుంటుతూ వెళ్ళి స్తంభం మీద చెయ్యి పెట్టాడు. లుంగీ ముడి నాకు కనిపిస్తోంది. నాకొక్కదానికే కనిపిస్తోందా, అందరికీనా అన్నంత పెద్దదిగా కనిపిస్తోంది.

"లేదు తాతా."

ఆ స్తంభం మీద చెయ్యి వేసి అబద్ధమాడినవాణ్ణి నా డెబ్భై నాలుగేళ్ళలో నేను చూడలేదు. చూసి ఊరుకున్నదాన్ని కూడా చూడలేదు.

తెర మీద ఆకుపచ్చ గీత పాకడం మొదలుపెట్టింది. పాత డిస్క్ టిక్కుమంటే అరవైమంది ఊపిరి బిగపట్టారు. ముప్పావు దూరంలో గీత ఆగింది. డిస్క్ లోపల ఎవరో గోరుతో గీకుతున్నట్టు శబ్దం. మళ్ళీ కదిలింది. చివరికి చేరింది. నకిబయ్ పాతదాన్ని తెరిచి చూపించాడు, ఖాళీ. చచ్చినవాళ్ళ గాలాలూ కత్తులూ ముంచినట్టే దాన్నీ పడవలో తీసుకెళ్ళి దిబ్బ దాటాక లోతులో వదిలారు.

తర్వాత వారసుడికి చెయ్యాల్సింది. మాలో మాట అందుకున్నవాడి తలకి పూలు పెట్టి, పూలు వేసి కాచిన కొబ్బరినూనె పోస్తాం. వంశంలో అందరికంటే పెద్ద ఆడది దాన్ని పొయ్యాలి. అంటే నేను. కొత్త డిస్క్ చుట్టూ పూలదండ పెట్టి సీసా ఎత్తాను.

"అత్తా, వేలితో రాస్తే చాలు. అటు పక్క వద్దు, అటు పక్క పోర్టుంది" అన్నాడు నకిబయ్ గొంతు తగ్గించి.

"వారసుడికి బొట్లు లెక్కపెట్టి పోస్తార్రా?" అన్నాను అందరికీ వినపడేలా.

నా చెయ్యి ఎప్పుడూ పిసినారిది కాదు. నూనె పై అంచు మీదుగా జారి, పక్కకి తిరిగి, సందులోకి దిగింది. ఆ సందులోకి పడవ వస్తుందని నాకు తెలుసు. నూనె కూడా పోతుందని తట్టలేదు. నకిబయ్ చెయ్యి ముందుకొచ్చింది. ఊరియం చూశాడు. ఆ చెయ్యి వెనక్కెళ్ళింది. నూనె తుడవడమంటే వారసుణ్ణి కాదనడమే.

"ఒక్కసారి తగిలించి చూస్తాను తాతా" అన్నాడు.

"అందుకున్నవాణ్ణి పరీక్ష పెట్టకూడదు" అని ఊరియం దాన్ని కొత్త చాపలో చుట్టి తన తల దగ్గర పెట్టుకున్నాడు.

మంగళవారం నుంచి పోటు పెరిగింది. బావి నీళ్ళు ఉప్పెక్కాయి. పీతలు ఇళ్ళలోకి వచ్చాయి, తరిమితే బొరియల వైపు పోకుండా ఇంకా లోపలికి పోయాయి. బుధవారం మధ్యాహ్నానికి అలలు మనియాబా మెట్టు తడిపాయి. ఆ రెండు రోజులూ నకిబయ్ నాతో మాట్లాడలేదు. లుంగీ ముడి మీంచి చెయ్యి తియ్యలేదు.

గురువారం ఓడ వచ్చింది. న్యాయాధికారి పెద్దమనిషి, నీళ్ళలో తడిసిన ప్యాంటుతోనే కూర్చున్నాడు. కబునారే బూట్లు చేత్తో పట్టుకుని దిగి, ఒడ్డున మళ్ళీ తొడుక్కున్నాడు. ఊరియం చాప విప్పాడు. పూలు వాడాక తుడవొచ్చు కాబట్టి నకిబయ్ నూనె తుడిచి కేబుల్ తగిలించాడు. డిస్క్ మీద నీలం దీపం వెలిగింది. లోపల్నించి తడి గొంతుతో దగ్గినట్టు ఒక శబ్దం. దీపం ఆరిపోయింది.

రెండో పోర్టులో పెట్టాడు. కేబుల్ మార్చాడు. తెర మీద ఏమీ రాలేదు.

"మీ వారసుడు నిద్రపోతున్నాడా? పూలు పెట్టారుగా, సిగ్గుపడుతున్నాడేమో" అన్నాడు కబునారే. వాడి వెనకవాళ్ళు నవ్వారు.

"ఓడ సాయంత్రం పోటుకి వెళ్ళిపోవాలి" అన్నాడు న్యాయాధికారి, మెత్తగానే. "ఆధారం ఉంటే ఇప్పుడు చూపించండి. లేకపోతే ఉన్న కాగితాల మీదే చెప్పాల్సి ఉంటుంది." ఉన్న కాగితాలన్నీ కబునారేవే.

నకిబయ్ స్తంభం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తల ఊపలేదు. తల అడ్డంగానూ ఊపలేదు. చేతులకింకా నూనె వాసన వస్తోంది. వాడు లుంగీ ముడి విప్పాడు.

చిటికెన వేలంత పెట్టె పోర్టులోకి దూరింది. ఎర్ర దీపం వెలిగింది. ఊరియం కళ్ళు మూసుకున్నాడు.

రెండు పక్షాలూ వినేలా చదవడం కోర్టువాళ్ళ పద్ధతి. న్యాయాధికారి కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదివాడు. తొమ్మిది తరాలు. మా నాన్న మా అన్నలకి చెప్పిన పేర్లు, నన్ను గడప అవతలే కూర్చోబెట్టి వాళ్ళకి మాత్రం చెప్పిన పేర్లు, మా అన్న మాట తీరులోనే. ఆడవాళ్ళు కొందరు చెవులు మూసుకున్నారు. పిల్లల చెవులు కూడా మూయాలంటే చేతులు చాలలేదు. నేను మూసుకోలేదు. నలుగురు సాక్షుల పేర్లు వచ్చాయి. అందులో ఒకడు కబునారే సొంత ముత్తాత.

నేల మాదేనని తీర్పు చెప్పారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓడ వెళ్ళిపోయేదాకా ఎవరూ లేవలేదు.

"పట్టుకున్న స్తంభం గుర్తుందా?" అన్నాడు ఊరియం.

"గుర్తుంది తాతా."

"అయితే లే."

నకిబయ్ లేచి, కుంటుకుంటూ, కప్పు నీడ దాటి ఎండలో కూర్చున్నాడు. ఇప్పటికీ మా సభ జరిగితే వాడి చోటు అదే. వానొచ్చినా అదే. పదకొండు ఇళ్ళవాళ్ళు రోజూ వాడికి కూర పంపిస్తారు, పక్కన కూర్చుని తినరు.

మర్నాడు వాడు నవ్వుతూ నా దగ్గరికొచ్చాడు. "రెండిట్లో ఒకటి పోవాలన్నారు, పోయిందిగా అత్తా. కొత్త డిస్క్. నువ్వే నూనె పోసి సాగనంపావు."

"నోర్ముయ్" అన్నాను గానీ, ఆ మాట పట్టుకుని ఊరియం దగ్గరికి నేనే వెళ్ళాను.

ఆయన చాలాసేపు విన్నాడు. "డిస్క్‌కి తల్లెవరు బ్వేనా?" అన్నాడు. "తల్లి లేనిదాన్ని సముద్రం లెక్కలోకి తీసుకోదు. అయినా ఇప్పుడు రెండు చోట్లెక్కడ? ఆ రోజు మనియాబాలో ఎంతమందిమి?"

"అరవై నలుగురం."

"లెక్క నువ్వే వేసుకో" అన్నాడు.

అది జరిగి మూడు నెలలు. పెన్ డ్రైవ్‌ని నకిబయ్ పాలపొడి డబ్బాలో పెట్టి నా ఇంటి వాసానికి కట్టాడు. తీసేటప్పుడు ముందు కంప్యూటర్‌కి చెప్పాలని, దీపం ఆరేదాకా ఆగాలని, చెప్పకుండా లాగితే లోపలివి చెడతాయని నేర్పాడు. డబ్బా గాలికి వాసాన్ని తగిలి టిక్కుమంటూ ఉంటుంది. కింద గుడ్డ కట్టాను. అయినా వినిపిస్తుంది.

ఉత్తరపు కొస నుంచి రోజూ పదకొండు పడవలు వెళ్తాయి. సాయంత్రం నేను దిబ్బ సందు దగ్గర నిలబడి లెక్కపెడతాను. మొదట్లో నకిబయ్ ఎగతాళి చేసేవాడు. "ఏమత్తా, ముసలితనంలో లెక్కలు నేర్చుకుంటున్నావా?"

నిన్న పోటు మళ్ళీ బాగా పెరిగింది. నేను వెళ్ళేసరికి వాడు అప్పటికే అక్కడున్నాడు, బరువంతా మంచికాలి మీద వేసి. పెదాలు కదులుతున్నాయి.

"ఎన్ని?" అన్నాను.

"తొమ్మిది."

పదోది సందులోంచి లోపలికొచ్చింది. సూర్యుడు నీళ్ళకి ఆనుతున్నాడు. గాలి లేదు. సముద్రం గిన్నెలో నీళ్ళలా ఉంది, నాకా పోలిక నచ్చలేదు. చాలాసేపటికి దూరంగా నల్లటి చుక్క కనిపించింది. అందులో మనిషి ఉన్నాడా లేడా అన్నది తెలియడానికి ఇంకా చాలాసేపు పట్టింది. తెడ్డు లేచింది. మనిషి ఉన్నాడు.

నకిబయ్ ఊపిరి వదిలాడు. "చూశావా, ఏమీ లేదు" అన్నాడు. అంటూనే నా వైపు తిరగలేదు, సముద్రం వైపే చూస్తున్నాడు.

రేపు పొద్దున పదకొండూ మళ్ళీ వెళ్తాయి.